బరువు మోయు బండికి ఎవరి చట్రము?

స్వాతంత్ర్య దినోత్సవమునాడు జెండా ఎగురవేసి, మిఠాయి పంచి, ఇంటికి పోవుట మనకు అలవాటైనది. మహీంద్రా కంపెనీవారు మాత్రము కొన్నేండ్లుగా ఆ దినముననే తమ రాబోవు బండ్ల నమూనాలను లోకమునకు చూపుచున్నారు. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున వారొక పికప్పు బండి నమూనాను ప్రదర్శించిరి. అది స్కార్పియో-ఎన్ అను ఎస్‌యూవీకి ఆధారమైన నిచ్చెన చట్రముపై కట్టినది. రెండేండ్లు తిరిగినవి. 2025 ఆగస్టు 15న బొంబాయిలో అదే కంపెనీవారు ఎన్‌యూ-ఐక్యూ అను క్రొత్త ప్లాట్‌ఫారమును, దానిపై నాలుగు నమూనాలను చూపిరి. ఆ నాలుగింటిలో విజన్ ఎస్ఎక్స్‌టీ అనునది వెనుక తొట్టి గల పికప్పు. దీనికి నిచ్చెన చట్రము లేదు. కారునకువలె నేల, ప్రక్కలు, పైకప్పు అన్నియు ఒక్కటిగా అతికిన మోనోకాక్ దేహము. ఒకే కంపెనీ, ఒకే పుణ్యదినము, ఒకే ప్రశ్నకు రెండు జవాబులు.

ప్రశ్న యేమనగా: రాబోవు దినములలో నడిమి పరిమాణపు పికప్పులు కారు చట్రమును గాని ఎస్‌యూవీ చట్రమును గాని పంచుకొని పుట్టవలెనా, లేక బరువు మోయుటకై వేరుగా పుట్టవలెనా? ఇది పూనాలోను చెన్నపట్టణములోను ఉన్న ఇంజనీర్లు తేల్చుకొనవలసిన సంగతి, పఠనాలయమున పత్రిక చదువుకొను మనకేల యని కొందరు అనవచ్చును. మాకట్లు తోచదు. బండిని గీయువాడు ఇంజనీరే యైనను, వాయిదాలు కట్టువాడు మన ఊరివాడు. చట్రము విరిగిన దినమున కూలి పోవునది వానికి. ఆ బండిపై వచ్చు కూరలు, పాలు, పండ్లు తినువారము మనము. కావున ఈ చర్చలో మాటాడు హక్కు మనకు సంపూర్ణముగా కలదు.

కర్మన్‌ఘాటు ఆంజనేయస్వామి ఆలయమును కాకతీయ ప్రోలరాజు కట్టించెనని స్థలపురాణము. క్రొత్త బండి కొన్నవాడు చక్రముల క్రింద నిమ్మకాయలుంచి హనుమంతుని సన్నిధిని పూజ చేయించుకొనుట మన పట్టణమున వాడుక. సంజీవి కొండ మోసినవానికి బరువు బండిని అప్పగించుట సముచితమే గదా! ఆ ఆలయమునకు కొలది దూరముననే సాగరు రోడ్డు పోవుచున్నది. ఇబ్రహీంపట్నము, మంచాల, యాచారము పల్లెల కూరగాయలు ఆ దారిననే పట్టణమునకు వచ్చును. ఎల్బీనగరు కూడలినుండి తూర్పునకు పోవు విజయవాడ రోడ్డున నల్లగొండ బత్తాయి వచ్చును. 2021 వరకు గడ్డిఅన్నారములో నుండిన పండ్ల మార్కెట్టు ఊరి వెలుపలి బాటసింగారమునకు తరలినది. మార్కెట్టు దూరమైనకొలది, పెద్ద లారీ దింపిన సరుకును వీధివీధికి చేర్చు చిన్నబండికి పని పెరిగినది. తెల్లవారకముందు ఆ రోడ్డు ప్రక్కన నిలిచి చూచినవారికి, ఈ మహానగరము లారీలపై కాక, ఒక టన్ను రెండు టన్నుల బండ్లపై బ్రతుకుచున్నదని తెలియకపోదు. టాటా ఏస్‌కంటె పెద్దదియు, మనవారు డీసీఎం అని పిలుచు లారీకంటె చిన్నదియు అగు ఈ బండియే మన చర్చకు వస్తువు.

ముందుగా మాటల అర్థము తేల్చుకొందము. ప్లాట్‌ఫారమనగా బండి యొక్క కంటికి కనబడని సగము. చక్రముల యమరిక, ఇంజను కూర్చుండు తావు, స్టీరింగు, బ్రేకులు, అన్నిటిని భరించు అడుగుభాగము, ఇవన్నియు అందులో చేరును. క్రొత్తగా దీనిని రూపొందించుటకు వందలకోట్ల వ్యయము, ఏండ్ల కాలము పట్టును. కావున ఒకదానినే నాలుగైదు బండ్లకు వాడుకొనవలెనని కంపెనీవారు చూతురు. అందు దోషమేమియు లేదు. అయితే అడుగుభాగము రెండు విధములు. నిచ్చెన చట్రము మన ఎడ్లబండివంటిది. రెండు పొడుగాటి నొగలు, వానిని కలుపు అడ్డకర్రలు, పైని పరుపు. పరుపు పాడైనచో నొగలకు నష్టము లేదు. ఎరువు తోలునపుడు ప్రక్కలు కట్టవచ్చును, గడ్డి తోలునపుడు తీయవచ్చును, పెండ్లివారిని ఎక్కించునపుడు గూడు వేయవచ్చును. మోనోకాక్ అట్లుగాదు. అది కొబ్బరికాయ చిప్పవంటిది. దాని బలము ఏ ఒక్క ఎముకయందును లేదు, పెంకు మొత్తముననే యున్నది. అందుచేతనే తేలిక, అందుచేతనే గట్టి. కాని ఒకచోట పగిలినచో పగులు మొత్తమునకు ప్రాకును.

ఇప్పుడు కారు చట్రము కోరువారి వాదమును తగ్గింపక చెప్పుట మా ధర్మము. వారనునది యేమనగా: పికప్పు కొనువారిలో అధికులు దానిని నిత్యము నిండుగా నింపరు. సగము దినములు అది ఖాళీగానో, నాలుగు బస్తాలతోనో తిరుగును. ఖాళీ బండికి కమాను పట్టీలు బిగుసుకొని వెనుకభాగము ఎగిరెగిరి పడును, వాన రోడ్డుపై వెనుకచక్రములు జారును. నిచ్చెన చట్రము బరువెక్కువ, నేల ఎత్తెక్కువ, డీజిలు ఎక్కువ త్రాగును. కారు చట్రమైనచో ఇవన్నియు తగ్గును. తొట్టి నేల క్రిందికి దిగుటవలన బస్తా ఎత్తు హమాలీ నడుమునకు సుఖము. కారు భాగములే వాడుటవలన వెల తగ్గును. ఇంకొక మాట కూడ కలదు. 2017లో ముకుంద్ దేవాంగన్ కేసున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును 2024 నవంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము స్థిరపరచినది. దానిప్రకారము తేలికబండి లైసెన్సు గలవాడు 7,500 కిలోల లోపు సరుకు బండిని కూడ నడుపవచ్చును. అనగా కారుపై నేర్చిన యువకుడే రేపు పికప్పు తోలును. అట్టివానికి కారువలె మలుపు తిరుగు బండియే క్షేమము గదా యని వారి ప్రశ్న.

ఈ వాదమున సత్యము కలదు. దానిని త్రోసివేయుట మా యుద్దేశము కాదు. కాని తూచవలసిన రెండవ తట్ట యొకటి కలదు.

బరువు బండిపై నెక్కినపుడు జరుగునదేమి? బరువులో అధికభాగము వెనుక ఇరుసుపై పడును. కార్లలో అనేకములకు ఇంజను శక్తి ముందుచక్రములకు పోవును. వెనుక బరువు పెరిగి ముందు తేలికైనపుడు ఎత్తు ఎక్కుచోట ముందుచక్రములకు పట్టు తగ్గును. వెనుకచక్రములకు శక్తి పోవు బండికి అదే బరువు పట్టును పెంచును. ఒకనికి విషమైనది వేరొకనికి ఆహారమైనట్లు! మరియు మన రోడ్డు చదునైనది కాదు. పొలముగట్టు దాటునపుడు ఒక చక్రము గోతిలోను, దాని ఎదుటి మూల చక్రము మిట్టపైను ఉండును. ఆ మెలిక అంతయు అడుగుభాగము మ్రింగవలెను. నిచ్చెన చట్రము కొంచెము వంగి, కొంచెము మెలితిరిగి, మరల నిటారగును. గది వేరు, తొట్టి వేరు, నడుమ సందు. కారు పెంకునకు వెనుక పైకప్పు కోసి తొట్టి చేసినపుడు దాని బలమునందలి ఒక భాగమును కోసినట్లే యగును. దానిని తిరిగి పొందుటకు అదనపు ఉక్కు చేర్చవలెను. అపుడు తేలికదనము కొంత పోవును, చౌకదనము కొంత పోవును.

మరమ్మతు సంగతి వేరు. నిచ్చెన చట్రపు తొట్టికి దెబ్బ తగిలినచో ఆ తొట్టిని విప్పి వేరొకటి బిగింతురు. ఊరి వెల్డరు, కమాన్లు కట్టు మేస్త్రి, డాలా చేయు కమ్మరి, ముగ్గురును నల్లగొండ పోవు దారిలో ఏ మండల కేంద్రమునందైనను దొరకుదురు. పెంకు వంగినచో కొలతబల్ల కావలెను, తగిన యంత్రము కావలెను, కంపెనీ వర్కుషాపు కావలెను. కారు యజమాని పదిదినములు ఆటోలో తిరుగగలడు. పికప్పు యజమాని పదిదినములు ఊరక కూర్చున్నచో ఆ నెల వాయిదా తప్పును. ఇంకను, ఒకే నిచ్చెన చట్రముపై నీళ్ల ట్యాంకు, కోళ్ల పంజరములు, పాలడబ్బాల అరలు, మంచుపెట్టె, ఎవరికి కావలసినది వారు కట్టించుకొందురు. హైదరాబాదు నగరపాలక సంస్థవారు 2015లో చెత్త సేకరణకై దింపిన స్వచ్ఛ ఆటోలు చూడుడు. సరుకు మోయు చిన్నబండి అడుగుపై ఎత్తిపోయు పెట్టె కట్టినందుననే అవి ఆ పనికి వచ్చినవి. పెంకు బండికి ఇట్టి స్వేచ్ఛ తక్కువ.

అయినచో పంచుకొనుటయే తప్పా? కాదు. ఈ దేశమున పంచుకొనుట క్రొత్తయును కాదు. టెల్కోవారు 1980ల చివర టాటామొబైల్ 206 అను పికప్పును దింపిరి. దాని అడుగు పైననే 1991లో సియర్రా, 1992లో ఎస్టేటు అను కార్లు వచ్చినవి. అనగా మన దేశపు తొలి స్వదేశీ ఎస్‌యూవీలనదగినవి సరుకు బండి కడుపున పుట్టినవి! టొయోటావారు 2004లో ఐఎంవీ అను ఒకే చట్రపు కుటుంబమును ఆరంభించి దానినుండి హైలక్స్ పికప్పు, ఫార్చ్యూనరు, ఇన్నోవా మూటిని తీసిరి. 2022లో ఇన్నోవాకు హైక్రాస్ అను మోనోకాక్ రూపమును తెచ్చిరి. అయినను 2023లో పాత చట్రపు క్రిస్టాను మరల అమ్మకమునకు పెట్టిరి. దానిని కోరువారు తగ్గలేదనియే దీని భావము. మన తెలుగునాటనే ఉదాహరణము కలదు. శ్రీసిటీలో 2016లో తెరచిన ఇసుజు ఫ్యాక్టరీయందు డీ-మాక్స్ పికప్పు, ఎంయూ-ఎక్స్ ఎస్‌యూవీ ఒకే జాతి నిచ్చెన చట్రముపై తయారైనవి. ఈ ఉదాహరణములన్నిటను పంపకము కలదు. కాని మొదటి లెక్క బరువు మోయువానిది, తరువాతి లెక్క షికారు పోవువానిది. అన్న చొక్కా తమ్మునికి కుదించి కుట్టవచ్చును. తమ్ముని చొక్కా అన్నకు తొడిగినచో చంకల చినుగును.

ఇతర దేశముల యనుభవము చూతము. పికప్పును కారునుండి తీయవలెనను తలంపునకు పుట్టినిల్లు ఆస్ట్రేలియా. ఆదివారము గుడికి పోవుటకును సోమవారము పందులను సంతకు తోలుటకును పనికివచ్చు బండి కావలెనని ఒక రైతు ఇల్లాలు 1932లో ఫోర్డు కంపెనీకి వ్రాసెనని ప్రసిద్ధి. లూయీ బాంట్ అను యువ శిల్పి దానిని గీసెను, 1934లో బండి బయటికి వచ్చినది. ఎనుబదేండ్లు ఆ దేశపు రైతు, వడ్రంగి, మేస్త్రి అందరును దానిని ముద్దుగా వాడుకొనిరి. ఆ బండి కారు చట్రమునకు కట్టుబడినది. కారు బ్రతికినన్నాళ్లు బండి బ్రతికినది. పెద్ద సెడాన్ కార్ల గిరాకి పడిపోగా ఫోర్డువారు 2016లోను, హోల్డెన్‌వారు 2017లోను అచట తయారీనే మూసివేసిరి. కారుతోపాటు పికప్పును పోయినది. ఇప్పుడా దేశపు రైతు థాయిలాండున తయారైన నిచ్చెన చట్రపు బండ్లను కొనుచున్నాడు. కార్ల ఫ్యాషను పది పదిహేనేండ్లకు మారును. బియ్యపు బస్తా బరువునకు ఫ్యాషను లేదు. బస్తా మోయు బండిని ఫ్యాషనునకు కట్టిపెట్టుట వివేకము కాదని మేము ఈ కథనుండి గ్రహింతుము.

దీనికి ఎదురు ఉదాహరణమును దాచుట న్యాయము కాదు. బ్రెజిలు దేశమున ఫియట్ స్ట్రాడా అను చిన్న పికప్పు కారు జాతిది. 2021 మొదలు అది ఆ దేశమున అన్ని బండ్లకంటె అధికముగా అమ్ముడుపోయినది. కాని దాని వెనుకభాగమును చూడుడు! అచట కారు స్ప్రింగులు లేవు. సరుకు బండికి వలెనే గట్టి ఇరుసు, కమాను పట్టీలు. ముందు కారు, వెనుక లారీ. మోయునది యించుమించు ఏడువందల కిలోలు. ఆ కంపెనీయే 2016లో తెచ్చిన టోరో అను బండి ఎస్‌యూవీ జాతి మోనోకాక్ అయినను డీజిలు రూపమున ఒక టన్ను మోయును. అమెరికాలో హోండా రిడ్జిలైను, ఫోర్డు మావెరిక్ మోనోకాక్ పికప్పులే. అవి యేడువందల కిలోల వరకు మోయును, దానిని దాచక చెప్పి అమ్మెదరు. ఇక మన బొలెరో మాక్స్ పికప్పులకు 2023లో కంపెనీవారు చెప్పిన బరువు 1.3 టన్నులు మొదలు 2 టన్నుల వరకు. ఈ రెండు తరగతుల నడుమనే మా తీర్పు గీత పడుచున్నది.

మరి యొక హెచ్చరిక కలదు. పైపూతను మార్చి సరుకు బండిని విలాసపు బండిగా అమ్మజూచినను ఫలింపదు. మెర్సిడెస్‌వారు నిస్సాన్ పికప్పునకు తమ నక్షత్రము తగిలించి 2017లో ఎక్స్-క్లాస్ అని అమ్మిరి. 2020 నాటికి మానుకొనిరి. బండికి తన జాతి ధర్మము తప్పినచో అటు షికారుదారును మెచ్చడు, ఇటు సరుకుదారును మెచ్చడు.

ఇక రెండు అపోహలు తీర్చవలసి యున్నది. నిచ్చెన చట్రపు బండి ప్రమాదమున రక్షింపజాలదని యందురు. స్కార్పియో-ఎన్ నిచ్చెన చట్రపు బండియే. 2022 డిసెంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు దానికి ఐదు నక్షత్రములు లభించినవి. విద్యుత్ బండికి కారు దేహమే శరణ్యమని యందురు. ఫోర్డువారు 2022లో దింపిన విద్యుత్ ఎఫ్-150 నిచ్చెన చట్రముపై నడచినది. ఇసుజువారు 2024లో బాంగ్కాకున డీ-మాక్స్ విద్యుత్ రూపమును ప్రదర్శించిరి. బ్యాటరీ ఇముడుట సులభమా కష్టమా యను భేదమే కాని, అసాధ్యము కాదు. కావున రక్షణ, విద్యుత్తు అను రెండు పేర్లతో సరుకు బండి వెన్నెముకను తీసివేయుట సరియైన వాదము కాదు.

న్యాయశాస్త్రపు పక్షమున చెప్పదగినది కొంత కలదు. మోటారు వాహనముల చట్టము 1988లో పుట్టినది. అందు 2వ సెక్షనులో సరుకు బండికి ఇచ్చిన నిర్వచనము రెండు భాగములు. సరుకుకొరకే కట్టబడిన బండి ఒకటి, అట్లు కట్టబడకున్నను సరుకు మోయుటకు వాడబడిన బండి రెండవది. అనగా చట్టము ఆకారమునే గాక పనిని కూడ చూచును. 66వ సెక్షనున 3,000 కిలోల మొత్తపు బరువు లోపు సరుకు బండికి పర్మిట్టు అక్కరలేదు. 2019 సవరణ తరువాత 194వ సెక్షనున అధికభారమునకు జరిమానా 20,000 రూపాయలు, మించిన టన్నొక్కింటికి మరి 2,000. పన్నుల సంగతి చూతమా, 2025 సెప్టెంబరు 22 నుండి సరుకు బండ్లపై వస్తుసేవాపన్ను నూటికి 28 నుండి 18కి తగ్గినది. పెద్ద ఎస్‌యూవీలపై నూటికి 40. ఇప్పుడు ముందు ఎస్‌యూవీ, వెనుక తొట్టి గల బండి వచ్చినచో అది ఏ పన్ను క్రిందికి పోవును? సరుకు పేరుతో తక్కువ పన్ను కట్టి షికారు చేయువాడు ఒకడు, షికారు ఆకారమునుబట్టి ఎక్కువ పన్ను కట్టి సరుకు మోయువాడు మరొకడు, ఇట్టి వైపరీత్యము రాకుండ మోయు బరువునే కొలతగా పెట్టుట న్యాయము.

దీనికంటె బరువైన సంగతి యొకటి. మన జిల్లాలలో పత్తి తీయుటకు, మిరప కోయుటకు, పెండ్లికి, తీర్థమునకు జనము సరుకు బండి తొట్టిలో నిలిచి పోవుదురు. బోల్తాపడిన దినమున పత్రికలలో వార్త వచ్చును, నాయకులు పరామర్శింతురు. తరువాత కోర్టునకు వచ్చునపుడు తెలియును అసలు కష్టము. 2002లో ఆశారాణి కేసున సుప్రీంకోర్టు తీర్పు ప్రకారము సరుకు బండిలో ఊరక ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యురాలు కాదు. 1994 సవరణవలన సరుకు యజమానికిని వాని ప్రతినిధికిని రక్షణ కలిగినది, కూలికి కలుగలేదు. మోటారు ప్రమాద ట్రిబ్యునళ్లలో పనిచేయు న్యాయవాదులందరకును ఈ విధవల, ఈ అనాథల ముఖములు పరిచితములే. కావున పికప్పునకు కుర్చీలు గల పెద్దగది యుండుట విలాసము కాదని మేమందుము. నలుగురు కూలీలు బెల్టు కట్టుకొని లోపల కూర్చుండుటకు తావు కలిగినచో తొట్టిలో నిలుచువారు నలుగురు తగ్గుదురు. ఎస్‌యూవీనుండి పికప్పు నేర్చుకొనదగిన మొదటి పాఠమిదియే. ఆ గది, ఆ బెల్టు, ఆ గాలిసంచి, ఆ బ్రేకుల తెలివి పేదవాని బండికి రావలెను. ఇట్టి పంపకమును మేము మనసార స్వాగతింతుము.

స్వదేశీ దృష్టితో చూచినను ఈ ప్రశ్న చిన్నది కాదు. 1942లో హైదరాబాదున ఆల్విన్ కంపెనీ పుట్టినది. బస్సుల దేహములు కట్టినది, శీతలపెట్టెలు చేసినది, గడియారములు చేసినది. 1980ల నడుమ నిస్సాన్‌తో కూడి జహీరాబాదున తేలిక లారీలు కట్టినది. అదే కాలమున డీసీఎం టొయోటా మొదలైనవి ఉత్తరాదిని వెలసినవి. ఆ కంపెనీ పోయినది, దాని పేరు మాత్రము మన భాషలో మిగిలినది. నేటికిని మనవాడు ఏ కంపెనీ లారీనైనను డీసీఎం అనియే పిలుచును! ఆల్విన్ నిస్సాన్ 1989లో మహీంద్రావారి చేతికి పోయినది. ఈ యుద్యమములలో మన కార్మికుడు నేర్పరి, మన మేస్త్రి ప్రవీణుడు. లోపమెచటననగా, చట్రము అరువుది. జపానున గీసిన గీతపై మనము మేకులు కొట్టితిమి. గీత గీయు విద్య మనకు దిగలేదు. ఇందుకు భిన్నముగా, టెల్కోవారు ఆ పికప్పును తమకు తామే గీసికొనినందున దానినుండి రెండు కార్లు, వానినుండి 1994లో సుమో జాతి బండ్లకు దారి యేర్పడినది. చట్రము తనదైనవానికి సంతానము కలుగును. అరువు చట్రమువానికి కూలి మాత్రమే దక్కును. ఇపుడు కేప్‌టౌనునందును బొంబాయియందును చూపిన రెండు నమూనాలును మన దేశపు కంపెనీవే. అందులకు మాకు సంతోషము. కాని మన దేశపు కంపెనీ గీసినంతమాత్రమున బండి స్వదేశీ కాదు. మన బస్తా, మన గోయి, మన మేస్త్రి, మన కూలి, ఈ నాలుగింటి లెక్కతో గీసినదే స్వదేశీ.

కావున మా యభిప్రాయము ఇంతియే. ఏడువందల కిలోల లోపు మోయుచు పట్టణపు రోడ్లపై తిరుగు పికప్పు కారు జాతి మోనోకాక్ పై పుట్టుటకు అభ్యంతరము లేదు. అయితే వెనుక ఇరుసును, కమాన్లును స్ట్రాడాకు వలె సరుకు బండివిగా నుండవలెను. ఒక టన్నునకు మించి మోయునది నిచ్చెన చట్రముపై నుండవలెను. ఆ చట్రమును ఎస్‌యూవీతో పంచుకొనవచ్చును, గాని బరువు లెక్క మొదట వేసి, ఎస్‌యూవీని దానినుండి తీయవలెను. ఈ రెంటి నడుమనున్న బండ్ల విషయమున కంపెనీవారు మా మాట నమ్మనక్కరలేదు, మేమును వారి ప్రకటనలు నమ్మనక్కరలేదు. నిండు బరువుతో మన పల్లెదారిన పరీక్షించి, ఆ పరీక్షాఫలితమును కొనుగోలుదారునికి తెలుగులో వ్రాసి యీయవలెను. ఇంజను, గేరుపెట్టె, బ్రేకులు, గాలిసంచులు, దీపములు, తీగలు, వీనిని ఎంత పంచుకొన్న అంత మేలు. వెల తగ్గును, భాగములు ప్రతి ఊరను దొరకును. వెన్నెముక, వెనుక ఇరుసు, కమాన్లు, ఇంజనును చల్లబరచు నీటిపెట్టె, వీనిని మాత్రము బరువు పేరనే గీయవలెను.

ప్రభుత్వము చేయవలసినది మూడు పనులు. పన్నును ఆకారమునుబట్టి కాక మోయు బరువునుబట్టి స్పష్టపరచుట ఒకటి. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో మోనోకాక్ దేహమును సరిచేయు విద్యను ఇప్పటినుండియే నేర్పుట రెండవది. బండి వచ్చిన పదేండ్లకు మేస్త్రి నేర్చుకొనినచో నడుమ నష్టపోవువాడు యజమాని. కుర్చీలున్న పికప్పులో కూర్చుండి పోవు కూలికి బీమా వర్తించునట్లు చట్టమును సవరించుట మూడవది. 1994లో సరుకు యజమానికై చట్టసభ సవరణ చేయగలిగినది. సరుకు మోయువానికై చేయుటకు అడ్డమేమి?

కొనువారికిని ఒక మాట. షోరూములో బండి ముఖము చూచి మురియక, వంగి అడుగు చూడుడు. అమ్మువాడు తెర ఎంత వెడల్పో చెప్పును. తొట్టి ఎంత మోయునో, ఇరుసు ఎంతకు విరుగునో మీరడుగుడు. పాటలెన్ని పాడునో కాదు, పట్టీలెన్ని వేసిరో లెక్కపెట్టుడు. మీ పనికి మోనోకాక్ చాలునన్నచో నిస్సంకోచముగా కొనుడు, డీజిలు మిగులును. చాలదన్నచో ఫ్యాషను కొరకు వెన్నెముక అమ్ముకొనకుడు.

మహీంద్రావారు తమ క్రొత్త ప్లాట్‌ఫారము బండ్లు 2027 నుండి రోడ్డునకు వచ్చునని చెప్పియున్నారు. చట్రపు గీతలు ఇంకను దిద్దదగిన దశలో నున్నప్పుడే కొనువారి మాట వినబడవలెను. బండి వచ్చిన తరువాత మొరపెట్టుకొన్నచో విను అధికారి సర్వీసు మేనేజరు మాత్రమే. రైతుసంఘములు, పండ్ల వర్తకులు, పికప్పు యజమానుల సంఘములు తమ బరువుల లెక్క, తమ దారుల లెక్క, తమ మరమ్మతుల లెక్క వ్రాసి కంపెనీలకును రవాణాశాఖకును పంపవలెనని మేము కోరుచున్నాము. ఆస్ట్రేలియాలో ఒక రైతు ఇల్లాలి జాబు ఒక బండిని పుట్టించినదన్నచో, మన వారి వేయి జాబులు ఒక చట్రమును సరిదిద్దలేవా?

బరువు మోయువానికి వెన్ను గట్టిగా నుండవలెను. అది మనుష్యునికైనను సత్యమే, బండికైనను సత్యమే, దేశమునకైనను సత్యమే.